ప్రామాణిక నిమ్మకాయ

కంకిపర్రు పట్టణం తలరాతను మార్చిన నిర్ణయం మున్సిపల్ ఆఫీసులో జరగలేదు. ఖాదర్ గ్యారేజీలో, ఒక కప్పు టీ చల్లారేలోపు జరిగిపోయింది.

"ముప్పయ్యా, నలభయ్యా?" అన్నాడు ఖాదర్.

తాతాజీ ముందు బల్ల మీద రెండు జతల స్ప్రింగులున్నాయి. ఒక జత కారును ముప్పై మిల్లీమీటర్లు కిందికి దించుతుంది. రెండోది నలభై. అవతల అతని ఎర్రటి చిన్న కారు, డాక్టరు గదిలో చొక్కా విప్పుకొని కూర్చున్న రోగిలా, చక్రాలు విప్పించుకొని జాకీల మీద ఎదురుచూస్తోంది.

తాతాజీకి ముప్పై ఏళ్లు. మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీల షాపు. సిగరెట్ లేదు, పేకాట లేదు. ఉన్నది ఒక్కటే బాధ. కారు చక్రానికీ, దాని మీదున్న రేకుకీ మధ్య ఖాళీలో నాలుగు వేళ్లు దూరేవి. ఫోనులో అతను చూసే వీడియోల్లో కార్లకు రెండు వేళ్లు కూడా దూరవు. అవి నేలను పట్టుకొని పాకుతున్న పులుల్లా ఉంటాయి. తనదేమో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని బురద దాటుతున్న పెద్దావిడలా కనిపించేది.

"ముప్పై అయితే ఇంట్లో గొడవుండదు," అన్నాడు ఖాదర్. "నలభై అయితే అందం."

"టైర్లు?"

"ఇప్పుడున్నవి పద్నాలుగంగుళాల రిమ్ముకి లావు టైర్లు. గుంటలో పడితే దెబ్బ టైరు తింటాది, నీ నడుం బాగుంటాది. పదిహేను రిమ్ముకి సన్నటి టైరు వేశావనుకో, రోడ్డు మీద రూపాయి బిళ్ల పడుంటే బొమ్మ పైకుందో బొరుసు పైకుందో నీ సీటుకి తెలిసిపోద్ది."

"నెలాఖరుకి మా బావమరిది పెళ్లి ఖాదర్. పెళ్లికొడుకు ఎక్కేది ఈ కారే. మా మావగారి ఊరికి కాలవ గట్టు మీంచి పోవాలి."

"పాత స్ప్రింగులు ఆ కొక్కేనికి తగిలించి ఉంచుతాను. పెళ్లికి రెండ్రోజుల ముందు రా, బిగించేద్దాం. గంట పని."

గంట పని. ఆ మాట నమ్మి తాతాజీ నలభై వైపు వేలు చూపించాడు. సన్నటి టైర్ల వైపు కూడా చూపించాడు.

ఇంటికొచ్చిన కారును చూసి అతని భార్య శిరోమణి గుమ్మంలోనే ఆగిపోయింది.

"టైర్లలో గాలి దిగిపోయిందేంటండీ?"

"గాలి కాదు. స్టైలు."

శిరోమణి వంగి చూసింది. ఇంకాస్త వంగింది. ఆ తర్వాత నడుం మీద చెయ్యేసుకొని లేచింది. "కిందటేడు మన కారు గట్టు మీద బురదలో దిగబడితే మా నాన్న ట్రాక్టరు తెచ్చి లాగాడు. ఊరు ఊరంతా నవ్వింది. 'అల్లుడుగారి కారు ట్రాక్టరు పుచ్చుకుంటేగానీ రాదంట' అని మా పెదనాన్న ఇప్పటికీ అంటున్నాడు. గుర్తుందా?"

"పెళ్లికి ముందే పాత స్ప్రింగులు వేయించేస్తాను. ఒట్టు."

"వినండి. తమ్ముడి పెళ్లినాడు ఈ కారు మా పుట్టింటి గుమ్మం ముందు ఆగాలి. ఆగిందా, సరే. ఆగలేదా, నేను అక్కడే ఆగిపోతాను. మీరూ, మీ స్ప్రింగులూ ఇక్కడ కాపురం చేసుకోండి."

అని లోపలికెళ్లి, దిష్టికి ఓ నిమ్మకాయా నాలుగు పచ్చిమిరపకాయలూ నల్లదారానికి గుచ్చి తెచ్చి ముందు బంపరుకు కట్టింది. అందరి కార్లకూ కట్టినట్టే కట్టింది. అందరి కార్లకూ అది మోకాలి దగ్గర ఊగుతుంది. ఈ కారుకు రోడ్డుకు నాలుగు వేళ్ల ఎత్తున వేలాడింది.

*

కంకిపర్రులో మనిషి హోదాను అతని ఇంటి ముందున్న స్పీడ్ బ్రేకరును బట్టి తెలుసుకోవచ్చు. మామూలు ఉద్యోగికి చిన్న గట్టు. కౌన్సిలరుకు మోటారు సైకిలు మీద వెనక కూర్చున్నవాడు ఎగిరి ముందుకొచ్చేంత గట్టు. మున్సిపల్ చైర్మన్ అబ్బులుగారి ఇంటి ముందున్నదాన్ని ఎక్కేటప్పుడు ఆకాశమే కనిపిస్తుంది, దిగేటప్పుడే రోడ్డు కనిపిస్తుంది.

సరిగ్గా ఆ వారమే రాజధాని నుంచి ఓ ఉత్తర్వు వచ్చింది. పట్టణంలోని స్పీడ్ బ్రేకర్లన్నీ శాస్త్రీయంగా కొలిచి, ఎక్కువ ఎత్తున్నవి తొలగించాలి. కొలిచే సాధనం స్థానికంగా దొరికేదై ఉండాలి, ప్రజలకు ఆమోదయోగ్యమై ఉండాలి. లేకపోతే రోడ్ల గ్రాంటు రాదు.

డిప్యూటీ ఇంజినీరు భుజంగరావు టేపు పట్టుకొని బయల్దేరాడు. నిండైన విగ్రహం. ఆయన జీపులో ఎడమవైపు ఎక్కితే కుడివైపు డ్రైవరు కాస్త పైకి లేస్తాడు. పొద్దుటినుంచీ ఎక్కడికి వెళ్లినా ఒకటే కథ. ఈ చివర ఆయన పట్టుకుంటే, ఆ చివర ఇంటివాళ్ల మనిషి పట్టుకునేవాడు. ఆ మనిషి పట్టుకున్న చివర ఎప్పుడూ నేలకు ఆనేది కాదు. ఆ కొలతల ప్రకారం పట్టణంలో గట్లు లేవు, అక్కడక్కడా చిన్న గుంటలున్నాయి.

ఆఖరుకు అబ్బులుగారి ఇంటికొచ్చాడు. చైర్మన్‌గారు తెల్లటి ఖద్దరు వేసుకొని, మంచి ఘడియ చూసుకొని గుమ్మం దిగుతున్నారు. అప్పుడే తాతాజీ కారు ఆ గట్టు ఎక్కింది.

అందరూ విన్నది ముందు 'గర్ర్' మన్న చప్పుడు. తర్వాత 'చప్' మన్న చప్పుడు. నిమ్మకాయ నుజ్జయింది. అందులోంచి ఓ చుక్క గాల్లోకి ఎగిరి, ఎవరిమీదా పడకుండా తిన్నగా వెళ్లి అబ్బులుగారి కంట్లో పడింది.

రోడ్డు మీద జనం ఆగిపోయారు.

"అయ్ బాబోయ్," అంది ఓ ముసలామె. "పరాయోళ్ల దిష్టి నిమ్మకాయ గుమ్మం ముందు పగిలింది. ఆళ్ల దిష్టంతా ఈ ఇంటికే!"

అబ్బులుగారి మొహం ఖద్దరు కంటే తెల్లబడింది. అవతల ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఆయన ఒక కన్ను మూసుకొని, రెండో కంటితో తాతాజీని చూశారు. తాతాజీకి తన షాపు, ఫ్లెక్సీలు, లైసెన్సు, భవిష్యత్తు అన్నీ ఆ ఒక్క కంటిలోనే మునిగిపోతూ కనిపించాయి.

"ఎవడ్రా నువ్వు?"

"సార్, మీ పుట్టినరోజు ఫ్లెక్సీ నేనే..."

భుజంగరావు గట్టు పక్కన మోకాళ్ల మీద కూర్చొని నిమ్మతొక్కనే చూస్తున్నాడు. ఒక్కసారిగా లేచాడు.

"సార్! ఇది దిష్టి కాదు. ఇది పరీక్ష!"

"ఏంటీ?"

"సదరు వాహనము సదరు గట్టును దాటు సందర్భములో సదరు నిమ్మకాయ పగిలినది. అనగా గట్టు ఎత్తు ఎక్కువ. పగలనిచో సరియైన ఎత్తు. టేపు అక్కర్లేదు. నిమ్మకాయ స్థానికంగా దొరుకుతుంది. దానికి పార్టీ లేదు, కులం లేదు. దాన్ని కాదనే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. ఇంతకంటే ఆమోదయోగ్యం ఏముంటుంది సార్? ఇది మీ ఇంటి ముందు, మీ సమక్షంలో ప్రారంభమైన శాస్త్రీయ పరీక్ష!"

అబ్బులుగారు జనాన్ని చూశారు. దిష్టి అని ఒప్పుకుంటే ఈ ముసలామె సాయంత్రానికల్లా ఊరంతా చాటుతుంది. పరీక్ష అంటే గట్టు పోతుంది గానీ గండం తప్పుతుంది.

"అవునవును," అన్నారాయన కన్ను తుడుచుకుంటూ. "నేనే పెట్టించాను ఈ పరీక్ష. ముందు నా గట్టే కొట్టెయ్యండి!"

జనం చప్పట్లు కొట్టారు. తాతాజీ కూడా కొట్టాడు. పాపం, అతనికి ఇంకా తెలియదు.

*

మర్నాడు పొద్దున తూనికలు కొలతల శాఖ మనిషి ఒకాయన సంచీతో దిగాడు. కారు కింద పడుకోడానికి చూశాడు. పట్టలేదు. చక్రాలు విప్పించి, నాలుగు స్ప్రింగులకూ తీగ చుట్టి, కిరాణా కొట్టు కాటాకు వేసినట్టు సీసపు సీళ్లు వేశాడు. అద్దం మీద 'ప్రామాణిక వాహనం - కంకిపర్రు పురపాలక సంఘం' అని కాగితం అతికించాడు.

"ఇదేంటండీ?" అన్నాడు తాతాజీ.

"ఇకమీదట ఈ పట్టణంలో ప్రతి గట్టూ, ప్రతి గుంటా దీనితోనే కొలుస్తారు," అన్నాడు భుజంగరావు. "కాబట్టి స్ప్రింగు మార్చడం, టైరు మార్చడం నిషిద్ధం. సీలు తెగినచో అది తూకానికి వాడే కిలోబాటును కోసిన నేరంతో సమానం."

"మా బావమరిది పెళ్లుంది సార్! పాత స్ప్రింగులు..."

"దరఖాస్తు పెట్టుకోండి. పరిశీలిస్తాం."

ఆనాటి నుంచి తాతాజీ షాపు తియ్యడం మానేశాడు. ముందు సీట్లో భుజంగరావు, ఒళ్లో నిమ్మకాయల బుట్ట. గట్టు దగ్గరికి వెళ్లడం, దాటడం, దిగి చూడ్డం. నిమ్మకాయ పగిలితే ఓ ఎర్రజెండా పాతేవాళ్లు. కాంట్రాక్టరు బుల్లబ్బాయి మనుషులు వచ్చి ఆ గట్టు చదును చేసేదాకా కారు అక్కడినుంచి అంగుళం కదలకూడదు. అది నిబంధన. చదునయ్యాక కొత్త నిమ్మకాయ కట్టి మళ్లీ దాటించేవాళ్లు. ఎండలో నిమ్మరసం వాసన పట్టి కారు సోడా బండిలా తయారైంది.

మొదటి వారం పట్టణమంతా ఆనందించింది. ఆటోవాళ్లు తాతాజీకి దండ వేశారు. గర్భిణీ స్త్రీలు దీవించారు. రెండో వారంలో బుల్లబ్బాయికి దిగులు పట్టుకుంది. గట్లు అయిపోయి పరీక్ష గుంటల మీదికొచ్చింది. గుంటలో చక్రం దిగితే నిమ్మకాయ పగులుతోంది. గుంటలన్నీ ఆయన వేసిన రోడ్లలోనే ఉన్నాయి.

ఒకనాడు పరీక్షకు ముందు ఆయన నవ్వుతూ వచ్చి బుట్ట మార్చాడు. కొత్త బుట్టలో గోళీలంత నిమ్మకాయలున్నాయి. ఎంత గుంటలో దిగినా ఒక్కటీ పగల్లేదు. ప్రతిపక్ష కౌన్సిలరు కాంతామణిగారు ఈ సంగతి పసిగట్టి, మర్నాడు బత్తాయిలంత దబ్బకాయలు పట్టుకొచ్చి కట్టమని రోడ్డు మీద బైఠాయించారు. దబ్బకాయ కడితే కారు నిలబడ్డచోటే నేలకు ఆనుకుంది.

"అయితే రోడ్డు పుట్టుకలోనే లోపముంది!" అన్నారు కాంతామణిగారు.

భుజంగరావు రెండు బుట్టలూ స్వాధీనం చేసుకున్నాడు. నిమ్మకాయ కోడిగుడ్డంత ఉండవలెనని రూలింగు ఇచ్చాడు. అంతటితో అయిపోయేదే. కానీ బుల్లబ్బాయి తెలివైనవాడు. కారును, రోడ్డును, నిమ్మకాయను చూసి చూసి చివరికి ముందు సీట్లో కూర్చున్న భుజంగరావును చూశాడు.

ఆ సాయంత్రమే బుల్లబ్బాయి భుజంగరావు ఇంటికెళ్లి, ఆయన భార్యకు చాలా బాధగా చెప్పాడు. "అమ్మా, సారు ఆయాసపడుతున్నారు. ఈ వయసులో ఆ ఒళ్లు మంచిది కాదు. రాత్రిపూట అన్నం బదులు రాగి జావ పోయండి. సారు లేకపోతే ఈ పట్టణానికి దిక్కెవరు?"

మూడోనాటికి కారు ముందు భాగం ఓ పిసరు పైకి లేచింది. రెండు గుంటలు పాసయ్యాయి. కాంతామణిగారు వెంటనే పూతరేకుల డబ్బా, కాజాల బుట్ట పంపించారు. భుజంగరావు కారులోనే తిన్నాడు. కారు ఓ పిసరు దిగింది. మూడు గుంటలు ఫెయిలయ్యాయి.

ఇలా ఒకవైపు జావ, ఇంకోవైపు కాజాలు. రోడ్డు బాగుందా లేదా అన్నది ఆయన ముందు రాత్రి ఏం తిన్నాడన్న దాన్ని బట్టి ఉండేది. చివరికి అబ్బులుగారే ఉత్తర్వు ఇచ్చారు. డిప్యూటీ ఇంజినీరుగారి బరువు ప్రస్తుతమున్నచోటే ఖరారు చేయడమైనది. ఇకమీదట ఆయన చిక్కరాదు, లావెక్కరాదు. రోజూ పొద్దున్న ధాన్యం కాటా మీద తూచి బయల్దేరతారు. జావ పోస్తున్న భార్యకు నోటీసు వెళ్లింది.

"పెళ్లయిన కొత్తల్లో కూడా నన్ను ఇంత శ్రద్ధగా చూసుకున్నవాళ్లు లేరు," అన్నాడు భుజంగరావు కళ్లు తుడుచుకుంటూ. తాతాజీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బావమరిది పెళ్లి వారం రోజుల్లో పడింది.

*

అతని దరఖాస్తు కౌన్సిలు సమావేశానికి వచ్చింది. తాతాజీ గోడవారన నిలబడ్డాడు. వెనక ఖాదర్ పాత స్ప్రింగులు గోనెసంచీలో వేసుకొని సిద్ధంగా ఉన్నాడు. సరే అంటే చాలు, బయట చెట్టు కింద గంటలో బిగించేస్తాడు.

"సదరు తాతాజీ," అని చదివాడు భుజంగరావు, "కుటుంబ కారణాల దృష్ట్యా ప్రామాణిక వాహనమును నలభై మిల్లీమీటర్లు పైకి లేపుటకు అనుమతి కోరుచున్నారు."

బుల్లబ్బాయి మనిషైన ఓ కౌన్సిలరు గబుక్కున లేచాడు. "మానవతా దృక్పథంతో ఆలోచించాలి అధ్యక్షా! నలభై కాదు, అరవై లేపమనండి. టైర్లు కూడా లావువి వేయించుకోమనండి. ట్రాక్టరు టైర్లు సరిపోతే అవే వేసుకోనివ్వండి!"

"కుట్ర!" అని అరిచారు కాంతామణిగారు. "కారు లేస్తే గుంటలన్నీ పాసైపోతాయి. మేము ఇంకా సన్నటి టైర్లు డిమాండు చేస్తున్నాం. అసలు టైర్లెందుకు? రిమ్ముల మీదే నడపాలి. నిజాయితీ ఉంటే రిమ్ముల మీద నడపండి!"

"రిమ్ముల మీద నడిపితే రోడ్డు పాడవుతుంది అధ్యక్షా!"

"పాడైతే మళ్లీ వేస్తారు. మీవాడేగా కాంట్రాక్టరు!"

ఆ మాటకు వెనక బెంచీ మీదున్న బుల్లబ్బాయి ఆలోచనలో పడ్డాడు. అది ఆయనకు అంత చెడ్డ మాటగా తోచలేదు.

సమావేశం మధ్యాహ్నం దాకా సాగింది. స్ప్రింగు అంటే ఏమిటో తెలియని ఓ కౌన్సిలరు దాన్ని తన వార్డుకు కేటాయించలేదని వాకౌట్ చేశాడు. చివరకు అబ్బులుగారు రాజీ కుదిర్చారు. ఎడమవైపు చక్రాలకు అధికారపక్షం కోరిన లావు టైర్లు, పొడుగు స్ప్రింగులు. కుడివైపు చక్రాలకు ప్రతిపక్షం కోరిన సన్న టైర్లు, పొట్టి స్ప్రింగులు.

"ఉభయపక్షాలకూ న్యాయం!" అన్నారాయన.

"అయ్యా," అన్నాడు తాతాజీ ఉండబట్టలేక, "కారు పక్కకి ఒరిగిపోద్దండీ!"

"కారు అభిప్రాయం తర్వాత తీసుకుంటాం. మీరు కూర్చోండి."

సంచీలోంచి స్ప్రింగులు గణగణమన్నాయి. అది ఖాదర్ వణుకు. ఈ ఘోరాన్ని భుజంగరావే ఆపాడు. కారు పక్కకు ఒరిగితే తాను తాతాజీ ఒళ్లో పడతాననీ, అలా పడినచో తన బరువు ప్రామాణిక స్థానం తప్పుతుందనీ నోట్ రాశాడు. రాజీ ఉపసంఘానికి వెళ్లింది. సీళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంటికొచ్చి తాతాజీ సోఫాలో కూలబడ్డాడు. శిరోమణి అప్పటికే పెట్టె సర్దుకుంటోంది. పెళ్లి బట్టలతో పాటు శీతాకాలపు రగ్గు కూడా పెట్టెలో పెట్టడం అతను చూశాడు. ఇది చైత్రమాసం.

"రగ్గెందుకే?"

"ఎన్నాళ్లుంటానో తెలీదు కదండీ," అంది ఆమె, రగ్గు మడత సరిచేస్తూ.

*

మనిషికి బుద్ధి పనిచేసేది నెత్తిమీదికి వచ్చినప్పుడే. మర్నాడు పరీక్షలో గుంట దాటుతూ తాతాజీ ఏమీ ఎరగనట్టు అడిగాడు. "సార్, నేను పెళ్లికి ఈ కారులోనే మా మావగారి ఊరు పాతలంక వెళ్తున్నాను. ఆ కాలవ గట్టు దారిలో నిమ్మకాయ పగిలితే?"

భుజంగరావు నములుతున్న కాజా నోట్లోనే ఆగింది.

"ఆ ఊరు మన పరిధి కాదే!"

"మరి కిలోబాటు పక్క ఊరెళ్తే కిలో కాకుండా పోద్దాండీ?"

అంత లోతైన ప్రశ్న భుజంగరావును సర్వీసులో ఎవరూ అడగలేదు. ఆయన మొహంలో నెమ్మదిగా ఓ గౌరవం ఉదయించింది.

"పోదు! ప్రమాణానికి హద్దులు లేవు. అది ఎక్కడికెళితే అక్కడ దారి దానికి తగ్గట్టు ఉండాలి. రవాణాలో ప్రమాణానికి హాని కలగరాదు. తాతాజీగారూ, మీరు కారును పైకి లేపనక్కర్లేదు. మేము దారిని కిందికి దించుతాం!"

పెళ్లినాడు పొద్దున కాలవ గట్టు మీద ఎవరూ కనీవినీ ఎరగని ఊరేగింపు బయల్దేరింది. ముందు రోడ్డు రోలరు. వెనక కంకర పోసేవాళ్లు, వాళ్ల వెనక పారలతో మట్టి సర్దేవాళ్లు. వాళ్ల వెనక, ఉప్పుడు పిండి మీద పాకే చీమలా, ఎర్ర కారు. కారులో తాతాజీ, ముందు సీట్లో కాటా మీద తూగి వచ్చిన భుజంగరావు, వెనక సీట్లో పట్టుచీరలో శిరోమణి. బంపరుకు కోడిగుడ్డంత నిమ్మకాయ.

పాతలంక జనం గట్టు పొడుగునా నిలబడ్డారు. తాతాజీ మావగారు వీర్రాజుగారు కండువా తీసి మళ్లీ వేసుకున్నారు. కిందటేడు నవ్విన శిరోమణి పెదనాన్న నోరు తెరిచాడు గానీ నవ్వు రాలేదు.

"ఏంట్రా వీర్రాజూ, మీ అల్లుడు రోడ్డు కూడా ఎంటబెట్టుకొచ్చాడేంటి?"

"ఆయ్! మరేవనుకున్నావ్?" అన్నారు వీర్రాజుగారు గొంతు పెంచి. "ఆరి కారు గవర్నమెంటోళ్ల కొలబద్దంట. రోడ్లే ఆరికి సలాం కొడతన్నాయి!"

కారు గుమ్మం ముందు ఆగింది. నిమ్మకాయ చెక్కుచెదరలేదు. శిరోమణి దిగి, వంగి నిమ్మకాయను చూసి, లేచి మొగుణ్ని చూసింది. ఆ చూపుకు తాతాజీకి నెల రోజుల ఎండ మర్చిపోయినంత చల్లగా అయింది. రగ్గు పెట్టెలోనే ఉండిపోతుందిక.

భోజనాలయ్యాయి. భుజంగరావు ఉత్తర్వును కాపాడుకోడానికి రెండో గారె దగ్గర ఆగిపోయి, కన్నీళ్లతో మూడోదాన్ని వదిలేశాడు. పెళ్లికూతురి ఊరికి బయల్దేరే వేళయింది. శిరోమణి తమ్ముడు, పెళ్లికొడుకు బుజ్జి, బాసికం కట్టుకొని వెనక సీట్లో కూర్చున్నాడు. సన్నాయి మొదలైంది. తాతాజీ తాళం తిప్పాడు.

అప్పుడు అత్తగారు పళ్లెంతో వచ్చింది. హారతిచ్చింది. గుమ్మడికాయ తిప్పించింది. తర్వాత, శుభమా అని కొత్త దారిన బయల్దేరే ప్రతి బండికీ చేసినట్టే, నాలుగు నిమ్మకాయలు తీసి నాలుగు టైర్ల కిందా ఒక్కోటి పెట్టింది.

తాతాజీ అద్దంలో ఆ దృశ్యం చూశాడు. "అత్తయ్యగారూ, వద్..." అనేలోపు పెదనాన్న "పోనీ! పోనీ!" అని కారు వెనక చరిచాడు. కాలు క్లచ్చి మీంచి జారింది.

చప్. చప్. చప్. చప్.

సన్నాయి వాయిస్తూనే ఉంది. భుజంగరావు మెల్లగా తలుపు తీశాడు. దిగాడు. నాలుగు వైపులా తిరిగి నాలుగు తొక్కల్నీ చూశాడు. ఆయన మొహం చూస్తే ఏదో పెద్ద విపత్తు ఇంటిని చుట్టుముట్టినట్టుంది.

"నా సర్వీసులో ఒకేచోట నాలుగు పగలడం చూడలేదు," అన్నాడు బొంగురు గొంతుతో. "వాహనం అంగుళం కదలరాదు!"

"అవి తొక్కించడానికే పెట్టానండీ బాబూ!" అంది అత్తగారు లబోదిబోమంటూ.

"అమ్మా, మీరు ఎందుకు పెట్టారన్నది నిబంధనల్లో లేదు. పగిలాయా లేదా?"

"పగిలాయి."

"రికార్డు చేసుకున్నాను."

ముహూర్తం ముంచుకొస్తోంది. ట్రాక్టరా? "వద్దు!" అన్నారు వీర్రాజుగారు, పెదనాన్న వైపు చూసి. ఊళ్లో అంతకంటే గొప్ప బండి ఒక్కటే ఉంది. బుజ్జిని రోడ్డు రోలరు ఎక్కించారు. మేళం ముందు, రోలరు వెనక. పెళ్లికూతురి ఊరివాళ్లు ఆ రాకను ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ల వీధి కూడా చదునైపోయింది.

ఆ గుమ్మం ముందు చోటును బాగు చెయ్యాల్సింది పాతలంక పంచాయతీ. చేసినట్టు ధ్రువీకరించాలంటే ప్రామాణిక వాహనం దాటి చూపించాలి. ప్రామాణిక వాహనం, ధ్రువీకరణ వచ్చేదాకా కదలకూడదు. ఫైలు ఉపసంఘానికి వెళ్లింది. అక్కడ ఇంకా ఎడమ టైర్లా కుడి టైర్లా అన్నది తేలలేదు.

వీర్రాజుగారికి మాత్రం ఏ దిగులూ లేదు. గవర్నమెంటు కొలబద్ద తన ఇంటి ముందుంది. జిల్లాలో ఇంకెవరి గుమ్మం ముందుంది? వచ్చేపోయే బళ్లు దాన్ని గీరకుండా ఆయన తన సొంత మనుషులతో అటొకటి ఇటొకటి గట్లు పోయించారు. మోకాలెత్తు. పెదనాన్న అసూయతో తన ఇంటి ముందు తొడెత్తు పోయించాడు. అవతల కంకిపర్రులో కొలబద్ద లేదని తెలిసిన మర్నాడే గట్లన్నీ మొలకెత్తాయి. అబ్బులుగారిదే ముందు.

నాలుగోనాడు తాతాజీ, శిరోమణి ఊరికి బయల్దేరారు. రోడ్డు బాగుపడ్డంతో పాతలంకకు మొదటిసారి బస్సు వస్తోంది.

"మరి కారు?" అన్నాడు తాతాజీ.

"మా పుట్టింటి గుమ్మం ముందు ఆగాలన్నాను," అంది శిరోమణి. "ఆగింది. మాట నిలబెట్టుకున్న మొగుణ్ని ఇంకేం అంటాను? ఎక్కండి, రగ్గు మీరే మొయ్యండి."

బస్సు మావగారి మొదటి గట్టు ఎక్కింది. తాతాజీ తల పైకప్పుకు తగిలింది. దిగేటప్పుడు తల పట్టుకొనే కిటికీలోంచి చూశాడు. కింద ఎండలో ఎర్ర కారు నేలను పట్టుకొని పడుకొని ఉంది. అత్తగారు బంపరుకు కొత్త నిమ్మకాయ కడుతోంది. చక్రానికీ రేకుకీ మధ్య ఖాళీ ఇక్కడికి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. రెండు వేళ్లు కూడా దూరవు.

ఎంత అందంగా ఉంది, అనుకున్నాడు తాతాజీ. అంతలో బస్సు రెండో గట్టెక్కింది.